సీసాలు తగ్గిపోతుంటే

బే ఏరియాలో పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్లు చివరికి చేరే చోటు పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ థియేటర్. 1925 నాటి హాలు. పాడుపడకుండా ప్యాకార్డ్ ఫౌండేషన్ కొని, పాత నగిషీలతో సహా బాగుచేయించి 1989లో మళ్లీ తెరిచింది. ఆటకీ ఆటకీ మధ్య అక్కడ ఆర్గన్ వాయిస్తారు.

హిచ్‌కాక్ ‘నొటోరియస్’ (1946) నేను మొదట చూసింది అక్కడే. అప్పుడు అమెరికాకి కొత్త. పాత కామెడీల్లో నటుల మాటల వేగం అందేది కాదు. హాలంతా నవ్వాక ఎందుకు నవ్వారో ఆలోచించుకునేదాన్ని. ‘నొటోరియస్’లో విందు ఘట్టం వచ్చేసరికి మాత్రం అందరితోపాటు నేనూ ఊపిరి బిగబట్టాను. అక్కడ మాటలతో పనేముంది?

రియోలో ఓ పెద్ద భవంతి. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అమెరికా తరఫు గూఢచారి; నాజీల ముఠాకి చెందిన సెబాస్టియన్‌ని అందుకోసమే పెళ్లాడింది. నేలమాళిగలోని వైన్ గది తాళంచెవి భర్త గుత్తి నుంచి తీసింది. పైఅంతస్తు నుంచి హాలంతా చూపించిన కెమెరా, అతిథుల మీదుగా మెల్లగా దిగుతూ దిగుతూ వచ్చి ఆమె పిడికిట్లో ఉన్న ఆ తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఆమె, తోటి గూఢచారి కేరీ గ్రాంట్ ఆ గదిలోకి వెళ్లాలి. పైన షాంపేన్ సీసాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. అవి అయిపోతే ఇంకొన్ని తేవడానికి సెబాస్టియన్ కిందికి దిగుతాడు. అంతే! గడియారం చూపించలేదు, తుపాకీ చూపించలేదు. ఐసులో పెట్టిన సీసాల్ని చూపించాడు హిచ్‌కాక్. ఎవరో అతిథి ఇంకో గ్లాసు అందుకుంటే మనకి కోపం వస్తుంది.

మనకి సస్పెన్స్ సినిమా అంటే హంతకుణ్ణి చివరిదాకా దాచడం. ‘అవే కళ్లు’ (1967) అయినా, వంశీ ‘అన్వేషణ’ (1985) అయినా ముందే చూసొచ్చినవాళ్లని “ఎవరో చెప్పొద్దు” అని బతిమాలుకోవాల్సిందే. ‘అన్వేషణ’లో ఆ అడవి, ఇళయరాజా సంగీతం నాకు ప్రాణం. కానీ గుట్టు తెలిశాక భయం సగమైనా మిగలదు. హిచ్‌కాక్ గుట్టంతా ముందే మన చేతిలో పెడతాడు. తెలియాల్సింది మనకి కాదు, తెరమీద ఉన్నవాళ్లకి. ఆ మాటకొస్తే ‘మాయాబజార్’ (1957)లో శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి ముందే తెలుసు. తెలియనిది కౌరవుల విడిదివాళ్లకే. ఆ తెలియడం అక్కడ నవ్వైంది, ఇక్కడ గుండెదడైంది. అందుకే రెండూ ఎన్నిసార్లు చూసినా పాతబడవు.

మావాడికి పదిహేనేళ్లు వచ్చాక ‘నొటోరియస్’కి తీసుకెళ్లాను. చివర్లో మలుపేదైనా ఉందా అని ముందే అడిగాడు. లేదన్నాను. సీసాలు తగ్గుతుంటే వాడు పాప్‌కార్న్ తినడం మానేశాడు.

నాలో మారిందొకటుంది. మొదట్లో నా భయమంతా బెర్గ్‌మన్ కోసమే. ఆమె తాగే కాఫీలో విషం కలుస్తోందని తెలిసి వణికిపోయాను. ఇప్పుడు క్లాడ్ రెయిన్స్ వేసిన ఆ సెబాస్టియన్ గురించి కూడా భయపడుతున్నాను. అతను దుర్మార్గుడే, సందేహం లేదు. కానీ ఆ ఇంట్లో ఆమెని మొదటినుంచీ దాపరికం లేకుండా ప్రేమించింది అతనొక్కడే. చివర్లో గ్రాంట్ ఆమెని మెట్లమీదుగా దింపి కారెక్కించాక, తననీ ఎక్కించుకోమని సెబాస్టియన్ వేడుకుంటాడు. వెనక గుమ్మంలో అతని ముఠావాళ్లు చూస్తున్నారు. తలుపు తియ్యరని తెలిసీ, తీస్తే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను.