బావమరిది – జిల్లేడు పురుగు

ఆదోనిలో మా దొడ్డిగోడ దాటితే కొండే. కొండంటే అడవి అనుకునేరు! ఒకప్పటి చెట్లు ఏనాడో పొయ్యిలోకి పోయాయి. తిరిగి మొలిచినవాటిని మేకలు మేశాయి. మేకలకు సయించని జిల్లేడు, తంగేడు, బందారు మాత్రం బండల సందున బతికి బట్టకట్టాయి.

కిందటి వానకాలం ఎమ్మిగనూరు దగ్గరి పల్లెనుంచి మా బావమరిది దిగాడు. తొలకరికి విత్తిన బుడ్డల చేను ఎర్ర గొంగళి పురుగు పాలయిందట. ఒక చేను ముగించి, గట్టు దాటి, పక్క చేనిమీదికి దండులా నడిచాయట. విత్తనాలకు చేసిన అప్పు అలాగే వుంది. నాకు చూపించడానికి నాలుగు మొక్కలు తువ్వాలులో మూటగట్టి తెచ్చాడు.

కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళినవాడు అక్కడినుంచే కేకేశాడు.

"బావా! మేము పురుగుతో చస్తుంటే, మీరిక్కడ పెంచుతున్నారా?"

చూద్దును గదా, జిల్లేడాకుల మీద నలుపూ తెలుపూ పసుపూ పట్టీలతో పురుగులు! తప్పుచేసిన వాడిలా కొడవలి తీశాను. మా అమ్మాయి అడ్డుపడింది.

"ఇవి బుడ్డాకు తినవు, మామా."

అంటే నమ్ముతాడా? ఒక పురుగును సీసాలో వేసి, తువ్వాలులోని ఆకులు పెట్టింది. చీకటిపడేదాకా అది సీసా అంతా తిరిగిందే గాని మూతి పెట్టలేదు. జిల్లేడాకు వేయగానే తినడం మొదలెట్టింది. రథసప్తమినాడు మనం నెత్తిన పెట్టుకునే ఆకే. దాని పాలు విషం. ఆ విషమే ఈ పురుగుకు రక్ష. సీతాకోకచిలుక అయినా ఒంట్లో వుంటుంది గనుక పిట్టలు జోలికి రావు. తంగేడు తినే ఆకుపచ్చ పురుగు మరొకటి. మా కొండమీద ఎవరి విస్తరి వారిదే.

ఎర్ర గొంగళికి ఈ నియమం లేదు. వేరుసెనగ, ఆముదం, ప్రత్తి, ఏదయినా సరే. ముదిరాక నేలలో దూరి, గూడులో నిద్రపోయి, తొలకరికి రెక్కలతో లేస్తుంది.

"అంటే నా శత్రువు నా చేన్లోనే పడుకుంటోందన్నమాట. నాకు తెలీదా బావా! వేసవిలో లోతుగా దున్నితే గూళ్ళు పైకొస్తాయి, కాకులూ కొంగలూ ఏరుకుంటాయి. ఎద్దులు అమ్మేశాను. ట్రాక్టరుకు డబ్బేదీ?"

మా ఆవిడ నావైపు చూసింది. నేను సీసావైపు చూశాను.

ఆ సీసా మూతకు వేలాడిన ఆకుపచ్చ గూటిలోంచి, పదిరోజుల తర్వాత, నారింజ రంగు రెక్కలతో, నల్లటి కొసలతో సీతాకోకచిలుక వచ్చింది. అమ్మాయి గోడమీద వదిలితే కొండవైపే వెళ్ళింది. జిల్లేడు కొట్టలేదు. వేసవి దుక్కికి మాత్రం, గాజులు చేయిస్తానన్న డబ్బులోంచి తీసి, ఎమ్మిగనూరు పంపాం.