యంత్రమునకు మనుష్యుడే కొలత

మంజీరానదిపై 1931 నాటికి నిర్మాణము ముగిసిన నిజాంసాగరము నిజామాబాదు సీమ రూపురేఖలను మార్చెను. కాలువల క్రింద చెఱకుతోటలు పెరిగెను. ఆ చెఱకు ఆధారముగా 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఒకప్పుడది ఆసియాఖండములోనే మిక్కిలి పెద్దదని పేరొందెను. దానిని నమ్ముకొని రైతులు చెఱకు నాటిరి, కార్మికులు ఇండ్లు కట్టుకొనిరి, అంగళ్ళు వెలసెను. 2002లో అది ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. చక్రములు ఆగినవి, వానితోపాటు ఎందరి బ్రతుకుతెరువో ఆగినది. యంత్రము వచ్చుట వేరు, మనుష్యుడు బాగుపడుట వేరని ఆ సీమవారు అనుభవముచేత తెలిసికొనిరి.

నేటి క్రొత్త యంత్రములు చెఱకు పిండునవి కావు. అవి పేర్లను, అంకెలను, వ్రేలిముద్రలను భద్రపరచును. అంతర్జాలము ద్వారా క్షణకాలములో దేశపు ఈ కొననుండి ఆ కొనకు పంపును. పింఛనైనను, బియ్యమైనను, పంటకు వెలయైనను నేడు వాని ద్వారమునుండియే చేతికందుచున్నది. ఓటు సైతము యంత్రముననే వేయుచున్నాము. ఇవి సామాన్యుని హక్కులకు అండ యగునా, అడ్డ మగునా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఆ సీమ విడిచి పోనక్కఱలేదు.

నిజామాబాదు పసుపునకు ప్రసిద్ధి. పసుపు చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెఱుగుపెట్టి అంగడికి తెచ్చిన నాడు ధర పడిపోయిన రైతు గతి యేమి? 2016 ఏప్రిల్ 14న దేశములోని 21 అంగళ్ళను అంతర్జాలముతో కలుపుచు జాతీయ వ్యవసాయ విపణి ప్రారంభమయ్యెను. వానిలో నిజామాబాదు ఒకటి. రాశికొక సంఖ్య నిత్తురు. వర్తకులు తమ ధరలను కంప్యూటరులో వ్రాయుదురు. గడువు ముగియగనే హెచ్చు ధర తెలియును. ఏ ధర వచ్చినదో రైతు దాపరికము లేక తెలిసికొనగలుగుట మేలే. కాని యంత్రము ధరను చూపగలదే గాని, గిట్టుబాటు ధరను పుట్టింపలేదు.

ఆ బాధను దేశమునకు వినిపింప దలచి రైతులు 2019 లోకసభ ఎన్నికలలో తామే అభ్యర్థులుగా నిలిచిరి. పసుపుబోర్డు కావలెననియు, పసుపునకు, ఎఱ్ఱజొన్నకు మద్దతు ధర కావలెననియు వారి కోరిక. సాధారణముగా లోకసభ అభ్యర్థి 25,000 రూపాయల ధరావతు చెల్లింపవలెను. తగినన్ని ఓట్లు రానిచో అది తిరిగి రాదు. ఆ మాట ఎఱిగియే రైతులు ముందునకు వచ్చిరి. తుదకు నిజామాబాదు స్థానమున 185 మంది పోటీలో నిలువగా, వారిలో 170 మందికి పైగా రైతులే!

ఇప్పుడు చిక్కు యంత్రమునకు వచ్చెను. ఓటుయంత్రపు పెట్టె యొక్కదానిపై 16 మీటలకే చోటు కలదు. పాత రకపు యంత్రమునకు అట్టి పెట్టెలు నాలుగు మాత్రమే కలుపవచ్చును. అనగా 64 పేర్లకు మించి పట్టవు. కాగితపు ఓట్లకు మరల పోవలెనేమో యను చర్చ జరిగెను. ఎన్నికల సంఘము క్రొత్త రకపు యంత్రములను తెప్పించెను. వానికి 24 పెట్టెల వఱకు కలుపవచ్చును. 185 పేర్లకును, ఎవరును వద్దను మీటకును కలిపి పన్నెండు పెట్టెలు కావలసివచ్చెను. ఏప్రిల్ 11న ప్రతి పోలింగు కేంద్రమునందును పన్నెండేసి పెట్టెలు కొలువుదీరెను. బోధను కూలియు, నిజామాబాదు వర్తకుడును వాని యెదుట నిలిచి తమకు నచ్చిన మీటను నొక్కిరి. రైతులలో ఎవరును గెలువలేదు. అయినను వారి మాట వ్యర్థము కాలేదు. జాతీయ పసుపుబోర్డు 2023 అక్టోబరులో ప్రకటింపబడి, 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమయ్యెను.

పెట్టెలో చోటు లేదు గనుక అభ్యర్థులు తగ్గవలెనని నాడు ఎవరును శాసింపలేదు. మనుష్యులు పెరుగగా యంత్రమే పెరిగెను. హక్కు మున్ను, యంత్రము వెనుక అను ధర్మము అచ్చట నిలిచెను.

అన్నిచోట్లను అట్లు జరుగుటలేదు. ఆ సీమలో వేలకొలది స్త్రీలు బీడీలు చుట్టి జీవించుచున్నారు. ఏండ్ల తరబడి తునికాకు చుట్టిన వ్రేళ్ళకొనలు అరిగి నున్ననగును. అట్టి వృద్ధురాలొకతె చౌకధరల దుకాణమున యంత్రముపై వ్రేలు మోపినదనుకొనుడు. యంత్రము ఆమెను గుర్తుపట్టదు. “అవ్వా! ముద్ర పడుటలేదు, రేపు రా” అని దుకాణదారు డనును. రేపును అదియే మాట. ఏ శ్రమ ఆమెను పోషించెనో, ఆ శ్రమయే ఆమె గుర్తును చెఱపివేసినది! ఆహారము 2013 నాటి చట్టము ఆమెకిచ్చిన హక్కు. వ్రేలిముద్ర పడలేదన్న కారణముచే బియ్యము నిరాకరింపరాదని కేంద్రప్రభుత్వము 2017 అక్టోబరులోనే ఆదేశించినది. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిపెడి వారును అరుదు.

అంతకన్న పెద్ద పొరపాటులును కలవు. తెలంగాణమున 2016లో సుమారు 19 లక్షల రేషనుకార్డులు కంప్యూటరు లెక్కలనుబట్టి రద్దయ్యెను. ఒక సామాజిక కార్యకర్త న్యాయస్థానము నాశ్రయించెను. ఆ కార్డులపై క్షేత్రస్థాయిలో విచారణ జరుపవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించెను. అనగా, లెక్కలో కనబడని మనుష్యుని వెదకుటకు మరల మనుష్యుడే ఇంటి గడప కడకు నడచి పోవలెనన్నమాట.

మనుష్యు లందఱును హక్కులలో సమానులని 1948లో ఐక్యరాజ్యసమితి చాటెను. వెలుపల గల హక్కులే అంతర్జాలమునందును రక్షింపబడవలెనని ఆ సమితి మానవహక్కుల మండలి 2012లో తీర్మానించెను. ఈ మాటలు కాగితముపై నిలిచిన చాలదు. యంత్రము తప్పినచోట వినెడి చెవి, దిద్దెడి చేయి ఉండవలెను.

రేపటి యంత్రములను నిర్మించువారును, వానిముందు కూర్చుండి అధికారము నెఱపువారును నేటి విద్యార్థులే. పన్నెండు పెట్టెలను కలుపగలిగిన నేర్పు మనవారికి కలదు. అరిగిన వ్రేలిని గౌరవించు నేర్పు కూడ అలవడిననాడు అభివృద్ధి యను మాటకు అర్థము చేకూరును.