అమీబా పాడిన మంగళం

పదమూడు నిమిషాల పాట. అందులో ఓ చోట అమీబా మాట్లాడుతుంది. తనకి పెళ్ళాం గొడవ లేదని, ఒకటి రెండైపోతే వంశం నిలిచినట్టేనని, కాలంతో పని లేని బతుకు తనదని గొప్పలు పోతుంది. మనకి నవ్వొస్తుంది. ఆ నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే పాట మెల్లగా దీవెనలోకి జారుతుంది. ఎండ కాయాలని, ప్రేమ చుట్టూ ఉండాలని, లోపలి వెలుగు దారి చూపాలని. వేళాకోళం ఎక్కడ ఆగింది, ప్రార్థన ఎక్కడ మొదలైంది? ఎన్నిసార్లు విన్నా నాకు ఆ అతుకు దొరకలేదు.

ఆ పాట పేరు 'ఎ వెరీ సెల్యులర్ సాంగ్'. రాసినవాడు మైక్ హెరన్. పాడింది స్కాట్లండ్‌కి చెందిన 'ఇంక్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్'. 1968 మార్చిలో 'ద హ్యాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్' అనే ఎల్‌పీలో వచ్చింది. ఉరి తీసేవాడి అందాల కూతురు అని పేరు పెట్టి, లోపల అమీబా చేత పాడించిన రికార్డుని ఎవరు కొంటారు అనిపిస్తుంది గానీ, బ్రిటన్ అమ్మకాల పట్టికలో అది 5వ స్థానం దాకా ఎక్కింది. అప్పటి గాలి అలాంటిది.

హెరన్ అకౌంటెన్సీ నేర్చుకుంటూ మధ్యలో వదిలేసిన ఎడిన్‌బరో కుర్రాడు. అతని జోడీ రాబిన్ విలియమ్సన్. మొదట్లో క్లైవ్ పామర్ అని మూడోవాడు కూడా ఉండేవాడు. గ్లాస్గోలో సాకీహాల్ వీధిలో అతను రాత్రంతా నడిపిన జానపద గానసభ పేరే ఈ బ్యాండు పేరుకి మూలం. అమెరికన్ నిర్మాత జో బాయిడ్ వీళ్ళని పట్టుకుని 1966లో మొదటి రికార్డు చేయించాడు. అది బయటికి రాగానే ముగ్గురూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. పామర్ అఫ్ఘానిస్తాన్, ఇండియాల వైపు దేశాలు పట్టిపోయాడు. విలియమ్సన్ మొరాకో వెళ్ళి, చేతిలో డబ్బయిపోయాక, చంకనిండా వాద్యాలతో తిరిగొచ్చాడు. వాటిలో గింబ్రీ అనే తోలు బిగించిన తంత్రీవాద్యం ఒకటి. దాన్ని కమానుతో గీస్తే ఏడుస్తున్నట్టు పలుకుతుంది.

సైకడెలిక్ అనగానే ఎలక్ట్రిక్ గిటార్ల హోరు, కళ్ళు చెదిరే పోస్టరు రంగులు గుర్తొస్తాయి. వీళ్ళ దారి వేరు. చెల్సీలో పూర్వం పాల డెయిరీగా ఉన్న భవనంలో సౌండ్ టెక్నిక్స్ స్టూడియో ఉండేది. జాన్ వుడ్ అక్కడి సౌండ్ ఇంజనీరు. ఒక ట్రాకు మీద ఇంకో ట్రాకు ఎక్కిస్తూ, ఇద్దరు మనుషులు పది మంది వాయించినట్టు రికార్డు చేశారు. మన చెవికి పరిచయమైన మోర్సింగ్ టంగుటంగుమంటుంది. పక్కనే రాజుల కొలువు నాటి హార్ప్సికార్డ్. దాని వెనకాల పిల్లలు ఊదే కజూ, ఆ మీదట గింబ్రీ ఏడుపు. విలియమ్సన్ గొంతు స్వరం మీద నిలబడదు, స్వరానికీ స్వరానికీ మధ్య పాకుతుంది, వంకర్లు పోతుంది. గమకాలతో పెరిగిన చెవికి అది శృతి తప్పడంలా వినిపించదు. నాకు మాత్రం హాయిగానే ఉంటుంది.

అమీబా పాటలో అమీబా కంటే ముందు మరో వింత ఉంది. ఉన్నట్టుండి జట్టంతా శుభరాత్రి చెప్పే ఒక భక్తిగీతం అందుకుంటారు. అది వాళ్ళది కాదు. 19వ శతాబ్దంలో సారా డౌడ్నీ అనే ఇంగ్లీషు కవయిత్రి రాసిన చరమగీతానికి అమెరికన్ గాయకుడు ఐరా శాంకీ బాణీ కట్టాడు. క్రైస్తవ పాటల పుస్తకాల్లో అది సముద్రాలు దాటింది. బహామా దీవుల్లో నల్లజాతివాళ్ళు దాన్ని శవజాగరణల్లో పాడుకుంటూ, తమ లయలో పెట్టుకుని పూర్తిగా తమది చేసుకున్నారు. 1965లో పీటర్ సీగల్, జోడీ స్టెచర్ అనే ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు అక్కడికెళ్ళి పిండర్ కుటుంబం పాడగా టేపు చేశారు. (ఆ స్టెచరే తర్వాతి కాలంలో జియా మొహియుద్దీన్ డాగర్ దగ్గర ధ్రుపద్ శిక్షణ పొందాడు. పాట వెంట పడ్డవాడు ఎక్కడ తేలతాడో చెప్పలేం.) ఆ రికార్డు హెరన్ చేతికొచ్చింది. చచ్చినవాళ్ళకి వీడ్కోలు చెప్పే పాటని తెచ్చి, చావంటే తెలీని అమీబా పక్కన కూర్చోబెట్టాడు. ఇంత తెలివైన అమరిక మత్తులో తట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

మత్తు సంగతి దాచేదేం లేదు. ఆ పాటకి ఓ ఎల్‌ఎస్‌డీ రాత్రి మూలమని హెరనే చెప్పాడు. ఆ రాత్రి చెవిన పడ్డ సంగీతమంతా పాటలోకి వచ్చి చేరింది. కానీ ఆ రోజుల్లో ఎల్‌ఎస్‌డీ వేసుకున్నవాళ్ళు వేలమంది. వాళ్ళలో చాలామంది మిగిల్చింది తెల్లారాక తమకే అర్థం కాని రాతలు. సూర్యుడూ సూక్ష్మజీవీ చుట్టాలే అన్న స్పృహని మందు ఇస్తే ఇవ్వచ్చు. ఆ చుట్టరికాన్ని పాటగా కట్టే పని మాత్రం మందు చెయ్యదు. అది పాత పాటలు వినీ వినీ పదునెక్కిన చెవి చేసింది.

చివర్లో వచ్చే ఆ దీవెన కథ ఇంకా తమాషా. 1960ల చివర్లో అమెరికా చేరి కుండలినీ యోగా తరగతులు మొదలెట్టిన యోగి భజన్ శిష్యులు దాన్ని పట్టుకున్నారు. క్లాసు అయిపోయాక, కళ్ళు మూసుకుని, మనవాళ్ళు మంగళం పాడినట్టు పాడతారు. ఇవాళ దేశదేశాల్లో అది రోజూ వినిపిస్తోంది. పాడేవాళ్ళలో కొందరది ప్రాచీన ఐరిష్ దీవెన అనుకుంటారు. రాసినవాడి పేరు చెరిగిపోయి పాట జనం సొత్తవడం జానపదానికి దక్కే పెద్ద గౌరవం. బతికుండగానే అది దక్కించుకున్నవాళ్ళు అరుదు.

తూర్పు దేశాల మోజు అప్పుడు అందరికీ ఉండేది. 1967 డిసెంబరులో వచ్చిన బాబ్ డిలన్ 'జాన్ వెస్లీ హార్డింగ్' అట్ట చూడండి. పక్కన నిలబడ్డది బెంగాల్ బావుల్ గాయకులు పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్. లోపల మాత్రం బావుల్ బాణీ ఒక్కటి లేదు. స్ట్రింగ్ బ్యాండ్‌కి ఈ మోజు పైపూత కాదు. 1968 నవంబరులో వచ్చిన 'వీ టామ్ అండ్ ద బిగ్ హ్యూజ్' జంట రికార్డుల్లో 'మాయ' పేరుతోనే ఒక పాట ఉంది. 'డగ్లస్ ట్రహర్న్ హార్డింగ్' అని ఇంకోటి ఉంది. ఈ హార్డింగ్ వేరు. ఇండియాలో ఆర్కిటెక్టుగా పనిచేస్తున్న రోజుల్లో తనకి తల లేదని, తల ఉండాల్సిన చోట లోకమంతా ఉందని కనుక్కున్న ఇంగ్లీషువాడు. 1961లో దాని మీద ఓ చిన్న పుస్తకం రాశాడు. రమణ మహర్షి మీద అతనికి అపారమైన గౌరవం. ఆ పేరు మధ్యలో ట్రహర్న్ అనేది 17వ శతాబ్దపు క్రైస్తవ మార్మిక కవి పేరు. తల లేని ఆర్కిటెక్టుకీ కవికీ ఒకే ఒంట్లో సంసారం పెట్టించాడు హెరన్. అద్వైతం చదివినవాళ్ళు ఇది విని ఉలిక్కిపడరు, చిరునవ్వు నవ్వుతారు.

ఈ నవ్వే వాళ్ళ భక్తికి ప్రాణం అని నా నమ్మకం. వాళ్ళ పాటల్లో ఉపదేశం చేసేది ఏ గురువో కాదు, ముళ్ళు కప్పుకున్న చిట్టి జంతువు హెడ్జ్‌హాగ్. పాడటం వచ్చినంత మాత్రాన పాట రాదని గాయకుణ్ణి దెప్పి పొడుస్తుంది. 2002లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌గా ఎంపికైన రోవన్ విలియమ్స్, అదే ఏడాది బీబీసీ వాళ్ళు ఏకాకి దీవికి ఏ పాటలు తీసుకెళ్తావని అడిగితే, తన జాబితాలో ఈ హెడ్జ్‌హాగ్ పాటనీ చేర్చుకున్నాడు. మతపెద్ద అంటే ఇలా ఉండాలి.

ఆ నవ్వు ఆగిపోయిన తేదీ ఇంచుమించు చెప్పచ్చు. 1968 చివర్లో న్యూయార్క్‌లో వాళ్ళకి సైంటాలజీ అనే మతశాఖ పరిచయమైంది. మనుషులు క్రమశిక్షణలో పడ్డారు, లెక్కలు సరిచూసుకున్నారు, మత్తు మానేశారు. బ్యాండు నడపడం తేలికైందని, పాటలు మాత్రం చప్పబడ్డాయని జో బాయిడ్ తర్వాత రాసుకున్నాడు. ఆయన మాటతో నాకు పేచీ లేదు. జవాబులన్నీ ముందే అచ్చయి ఉన్న చోట అమీబాకి ఏం పని? ఆ తర్వాత మంచి పాటలు రాలేదని కాదు, వచ్చాయి. కానీ పాట ఎటు తిరుగుతుందో తెలీని ఆ పాత భయం, సరదా పోయాయి.

1969 ఆగస్టు 15 శుక్రవారం రాత్రి వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాళ్ళ వంతు వచ్చేసరికి వాన. తడిసిన వేదిక మీద కరెంటు వాద్యాలతో వాయించం అన్నారు. ఆ ఖాళీలో పాడిన మెలనీ అనే అమ్మాయి దశ తిరిగిపోయింది. వీళ్ళు మర్నాడు ఎండలో, హోరు సంగీతం కోసం కాచుక్కూచున్న జనం ముందు పాడారు. ఎవరూ పట్టించుకోలేదు. వుడ్‌స్టాక్ సినిమాలోనూ వాళ్ళు లేరు. 1974లో బ్యాండే విడిపోయింది.

విలియమ్సన్ హార్ప్ పట్టుకుని కథకుడయ్యాడు. 2002లో బ్లేక్, విట్మన్, హెన్రీ వాన్ కవిత్వాన్ని పాడుతూ ఈసీఎం సంస్థకి ఒక రికార్డు చేశాడు. గొంతు ముదిరింది, వంకర్లు పోలేదు. వాళ్ళని కొత్తగా వినేవాళ్ళు 1967 నాటి రెండో ఎల్‌పీతో మొదలుపెడితే మంచిది, హెడ్జ్‌హాగ్ ఉన్నది అందులోనే. పదమూడు నిమిషాల పాట జోలికి తర్వాత పోవచ్చు.