ఏడు నోళ్ల అవ్వ

వారాసిగూడలో ఒక మేడ మెట్లు ఎప్పుడు చూసినా పిండితో తెల్లగా ఉంటాయట. కింద గిర్నీ, పైన బొమ్మల సినిమాలు చేసే చిన్న స్టూడియో. మధ్యాహ్నం ఒంటిగంటకు గిర్నీ ఆయన భోజనానికి లేవగానే పైన ఒక కుర్రాడు మైకు బయటికి తీస్తాడు. మళ్లీ మోటారు మొదలయ్యేలోపు రికార్డింగు అయిపోవాలి. నేను వెళ్లింది సరిగ్గా ఆ గంటలోనే కాబట్టి పలకరింపులన్నీ సైగలతో జరిగిపోయాయి.

రెండు గదులు, నలుగురు మనుషులు, మూడు కంప్యూటర్లు, రెండు పెన్ టాబ్లెట్లు. ఓ మూల అడుగున బల్బు పెట్టిన గాజుబల్ల. కాగితాల మీద గీసే రోజుల్లో కింది బొమ్మ పై కాగితంలోంచి కనపడాలని వాడేవారు. ఇప్పుడు దాని మీద టిఫిన్ డబ్బాలు ఉన్నాయి. స్టూడియో నడిపే ఆయన్ని అందరూ అన్న అనే పిలుస్తారు. ఇదే ఊళ్లో ఒక పెద్ద సంస్థలో చాలా ఏళ్లు పనిచేసి బయటికొచ్చారు. టూడీ కార్టూన్లకు హైదరాబాద్ కొత్త ఊరేం కాదు. రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ సంస్థను పెట్టింది ఇక్కడే, 2008లో టీవీకెక్కిన ఛోటా భీమ్ పుట్టిందీ ఇక్కడే.

ఇప్పుడు ఈ నలుగురూ చేస్తున్నది మూడు నిమిషాల సినిమా. మనలో చాలామంది చిన్నప్పుడు విన్న కథే: ఆకు, మట్టిబెడ్డ స్నేహం. గాలి వస్తే బెడ్డ ఆకు మీద కూర్చుంటుంది, వాన వస్తే ఆకు బెడ్డకు గొడుగు పడుతుంది, గాలీ వానా కలిసి వస్తే రెండూ పోతాయి.

ఇదే కథ ఎందుకని అడిగితే అన్న నవ్వారు. "కాళ్లు లేవు, చేతులు లేవు. నడిపించే పని లేదు కదా సార్!"

అది తమాషాకు అన్న మాట కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మూడు నిమిషాలంటే 4,320. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే కన్ను పట్టుకోదు కాబట్టి సగానికి సగం, అంటే 2,160 బొమ్మలు చాలు. అవి కూడా గీయలేరు నలుగురు. ఒక్క అడుగు వేయించాలంటే పాదం నేలకానిన భంగిమ, ఒళ్లు కిందికి దిగినది, కాలు దాటుతున్నది, పైకి లేచినది, ఇన్ని ముఖ్యమైన బొమ్మలు కావాలి. వాటి మధ్య నింపేవి వేరే. "గీసుడు ఎవరికైనా వస్తది. ఏది గీయొద్దో తెల్వాలె" అన్నారు అన్న. ఆ గదిలో నాకు కనిపించిన ప్రతి పనీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

గీయకుండా తప్పించుకునే ఈ కిటుకు కనిపెట్టింది వీళ్లేం కాదు. హన్నా-బార్బెరా వాళ్లు టీవీ బడ్జెట్లకు తట్టుకోవడానికి యోగీ బేర్ మెడకు కాలరు తొడిగారు. మెడ అతుకు కాలరు కింద దాగిపోతుంది, తలొక్కటే మార్చుకుంటే ఒళ్లు మళ్లీ గీయక్కర్లేదు. ఈ సినిమాలో కథ చెప్పే అవ్వ మెడ చుట్టూ కొంగు అంత నిండుగా ఎందుకు కప్పారో నాకు అప్పుడు అర్థమైంది.

సినిమా మొత్తంలో మనిషి ఆ అవ్వ ఒక్కతే. ఆమెను ముక్కలుగా చేశారు: తల, మొండెం, దండచేయి, ముంజేయి, అరచేయి, ఒక్కోటీ ఒక్కో లేయరు. భుజం దగ్గర, మోచేతి దగ్గర తిరుగుడు బిందువు పెట్టారు, పివట్ అంటారు. దండచేయి కదిపితే ముంజేయి దాని వెంటే వస్తుంది. ఇది చూస్తూ నిమ్మలకుంట తోలుబొమ్మలను తలచుకోకుండా ఉండటం కష్టం. అక్కడ దారంతో ముడేసిన కీలు, ఇక్కడ తెర మీద చిన్న చుక్క. జర్మనీలో లొట్టె రైనిగర్ నల్ల అట్టముక్కల కీళ్లు కదుపుతూ, 1926లో వచ్చిన ప్రిన్స్ అక్మెద్ సినిమా తీసిందీ ఇదే లెక్కన.

సాఫ్ట్‌వేర్ల గురించి అన్నకు పెద్ద మోజు లేదు. నేర్చుకునేవాళ్లకు మొదట పెన్సిల్‌టూడీ ఇస్తారు, అందులో పారిపోవడానికి మీటలే లేవు గనక. నేపథ్యాలూ, చేత్తో గీసే ఫ్రేములూ క్రితాలో. అన్నీ కలిపేది ఓపెన్‌టూన్జ్‌లో. ఇటలీలో పుట్టిన ఆ టూన్జ్‌ను జపాన్‌లోని జిబ్లీ స్టూడియో వాడుకుంది. 2016లో దాన్ని అందరికీ ఉచితంగా వదిలారు. ఆయన చేయి తిరిగింది మాత్రం ఫ్లాష్‌లో. ఫ్లాష్ పోయిందని జనం అంటారు గానీ, 2020 డిసెంబరు 31తో ఆగింది ప్లేయరు. బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ అంతకు దాదాపు అయిదేళ్ల ముందే యానిమేట్ అని పేరు మార్చుకుంది.

కంప్యూటర్ మీద భారం వేసిన చోట ఒకసారి దెబ్బతిన్నారు కూడా. ఆకు ఎగిరే షాటులో మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఇచ్చి, మధ్యవన్నీ నువ్వే వేసుకో అని ట్వీన్ అనే సదుపాయానికి అప్పగించారు. వేసింది. ఆకు గాజు పలక మీద జారినట్టు తిన్నగా ఒకే వేగంతో పోయింది. కుర్రాడు డాబా ఎక్కి బాదం ఆకులు ఒక్కొక్కటే వదిలాడు, ఫోనులో తీశారు. ఆకు ఊయలలా పక్కకు జారి, అంచున ఒక క్షణం తటపటాయించి, వెనక్కి మళ్లుతోంది. అంచుల దగ్గర బొమ్మలు దగ్గర దగ్గరగా, మధ్యలో దూరం దూరంగా పడాలి. దారి తిన్నగా కాదు, వంపుగా. అలా సర్దాక చూపించారు. ఈసారి ఆకుకు బరువు లేదని తెలుస్తోంది.

అసలు చిక్కు అవ్వ నోటితో వచ్చింది. మాటకు తగ్గట్టు పెదాలు కదపడానికి రూబార్బ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గొంతు వినిపిస్తే ఎక్కడ ఏ నోరు పెట్టాలో వరసగా రాసిస్తుంది. ఆరు ముఖ్యమైన నోళ్లు, కావాలంటే ఇంకో మూడు. కానీ అది మాటలు పోల్చుకోగలిగేది ఇంగ్లిషులోనే. మిగతా భాషలకు ఉత్త ధ్వనిని బట్టి పోతుంది. కాబట్టి అది ఇచ్చిన జాబితాను బొమ్మలు గీసే అమ్మాయి కూర్చుని చేత్తో దిద్దుతోంది.

పైగా అవ్వది బోసినోరు. పళ్లు బిగించిన నోరు ఆమెకు కుదరదు, పళ్లు లేకుండా మళ్లీ గీశారు. పైపళ్లు కింది పెదవికి ఆనే నోరు తీసేశారు. ఆనడానికి పళ్లు ఉండాలి కదా! ప, బ, మ కోసం మూసిన నోరు, ఊరకే ఉన్నప్పటి నోరు, పళ్లు లేనివాళ్లకు రెండూ ఒకటే. తొమ్మిదిలో రెండు పోయి ఏడు మిగిలాయి.

"అనగనగా" దగ్గర ఆ అమ్మాయి రెండు రోజులు ఆగిపోయిందట. పలికి చూసుకోండి: పెదాలు ఒక్కసారి కూడా కలవవు, అయిదక్షరాల్లోనూ అకారమే, చివర దాని దీర్ఘం. పట్టిక ప్రకారం పోతే అవ్వ నోరు తెరిచి అలాగే ఉండిపోతుంది. "అక్కా, అవ్వకు ఆవులింత వచ్చినట్టుంది" అన్నాడట కుర్రాడు. చివరికి నోటిని దాదాపు వదిలేసింది ఆమె. మొదటి 'అ' దగ్గర కనుబొమ్మలు లేపింది, చివరి 'గా' దగ్గర దీర్ఘానికి తగ్గట్టు తల మెల్లగా వాల్చింది. "ఒకప్పుడు"లోని 'ప్పు' దగ్గర మాత్రం పెదాలు గట్టిగా మూయించింది, అదీ ధ్వని కంటే రెండు ఫ్రేములు ముందు. ముందుగా మూస్తేనే చూసేవాళ్లకు సరిగ్గా మూసినట్టు ఉంటుందట. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూపించింది. విడిగా చూస్తే తప్పే, కలిపి నడిపిస్తే సరిపోయింది.

నేను వెళ్లినరోజు ఆమె చేస్తున్నది బెడ్డ కరిగే షాటు. ఇక్కడ తప్పించుకునే దారి దొరకలేదు. మొదట బొమ్మను చిన్నది చేస్తూ పోయారు. చిన్నదవుతోంది తప్ప కరగడం లేదు. అందుకని స్టీలు పళ్లెంలో నిజం మట్టిబెడ్డ పెట్టి చెంచాతో నీళ్లు పోసి చూశారు. అడుగు ముందు నానింది, బుడగలొచ్చాయి, అంచులు విడిపోయి పక్కకు జారాయి. తల కాసేపు అలాగే నిలిచి, తర్వాత ఒక్కసారిగా కూలింది. ఆ కూలడం మొత్తం చేత్తో గీయాల్సిందే. 38 బొమ్మలు లెక్క వేసుకుంది, 23 అయ్యాయి.

"అన్నా, కళ్లు ఎప్పుడు పోవాలె?" అని అడిగింది.

బెడ్డకు రెండు కళ్లు పెట్టి ఉన్నారు మరి. ముందే పోతే పిల్లలు జడుసుకుంటారు. చివరిదాకా ఉంటే బురదలో కళ్లు తేలుతూ ఇంకా అన్యాయం. అన్న చాలాసేపు తెర వైపు చూశారు. "కళ్లు మూయించు. ఆడనే కట్ చేసి అవ్వను పెట్టు. రెండు సెకన్లు, మూసిన నోరు. ఇంక గీయకు" అన్నారు.

48 ఫ్రేములు, ఉన్న బొమ్మే. పదిహేను బొమ్మల పని తప్పినట్టు. కింద గిర్నీ మోటారు గుర్రుమంది, కుర్రాడు మైకు లోపల పెట్టేశాడు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని 24వ బొమ్మ మొదలుపెట్టింది.