మిద్దె మీద ఎర్రచందనం

కడప, 3 మార్చి 2024, ఆదివారం

రాజంపేట నుంచి తమ్ముడొచ్చి పోయినాడు. వాని చేనిగట్టున నాటిన ఎర్రచందనం చెట్ల కింద రాలిన కాయలు గుడ్డసంచి నిండా తెచ్చినాడు. "అక్కా, ఊరికే ఎండి పోతాండాయి. నీకైతే మొలకేసే ఓపికుందని తెచ్చినా" అన్నాడు.

కాయను అరచేతిలో పెట్టుకుని చానాసేపు చూసినా. చిన్న అప్పడం మాదిరి గుండ్రంగా, పలచగా ఉంది. చుట్టూ రెక్క, నడుమ ఉబ్బు. గాలికి ఎగిరి దూరంగా పడేదానికే ఆ రెక్క. ఈ వయసుకు నాకు ఎర్రచందనమంటే పేపర్లో వరసగా పేర్చిన దుంగలు, లేకుంటే అవ్వ దగ్గరుండే చెక్కముక్క. గడ్డ లేస్తే దాన్ని సాన మీద నీళ్లతో అరగదీసి పట్టేసేది. పేరు చందనమే గానీ వాసనుండదు, అంతా రంగే. తమ్ముని చెట్లు కూడా నర్సరీ నుంచి మొక్కలుగా వచ్చినవే. గింజ మొలవడం నేనింతవరకు చూడలేదు.

మార్చి 4

కాయల నడుమ వేలితో నొక్కి, గట్టిగా తగిలినవి నలభై ఏరినా. మెత్తగా అణిగితే లోపల తాలు. ఒక కాయ చీల్చి గింజ తీయబోతే గింజే నలిగిపోయింది. అందుకని కత్తెరతో రెక్కలు మాత్రం కత్తిరించి, కాయలనే నానబెట్టినా. ఇరవై కాయలు మూడు రోజులూ నీళ్లలోనే, పూటపూటకూ నీళ్లు మారుస్తూ. తక్కిన ఇరవై రాత్రి నీళ్లలో, పగలు ఎండలో. కొండ మీద రాలిన కాయ కూడా అట్లే కదా, ఎండుతూ తడుస్తూ మెత్తబడేది.

మార్చి 7

ఎర్రమన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లులున్న కవర్లకు నింపినా. గోరంత లోతున కాయను పడుకోబెట్టి, పైన వరిగడ్డి పలచగా కప్పినా. ఏ కవరులో ఏ రకమో సున్నంతో గుర్తు పెట్టినా.

మార్చి 18

పదకొండు రోజులైంది. ఏమీ లేదు. మా ఆయన పొద్దున కాఫీ తాగుతా "ఇంగ రావులే" అన్నాడు. మట్టి తవ్వి చూడాలని వేళ్లు లాగుతాండాయి, ఆపుకున్నా.

ఈ చెట్టు పుట్టిల్లు మన కొండలే. లంకమల, పాలకొండలు, శేషాచలం, వెలిగొండ, నల్లమల. తూర్పు కనుమల ఈ దక్షిణపు కొస తప్పితే లోకంలో ఇంకెక్కడా అడవిలో తనంతట తాను పెరగదు. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలోకి 1995లో చేర్చినారు. రాళ్లలో, నీళ్లు నిలవని నేలలో బతకడం నేర్చిన చెట్టు. దానికి తొందరెందుకుంటుంది?

మార్చి 25

వచ్చింది!

పొద్దున గడ్డి తీస్తే మట్టి పెళ్ల ఒకటి లేచి ఉంది. దాని కింద కొడవలి మాదిరి వంగిన లేత కాడ. తల ఇంకా మట్టిలోనే ఉంది. సాయంత్రానికి వీపు నిటారు చేసి తలెత్తింది. విడిపోతున్న రెండు పప్పుబద్దలు, వాటి నడుమ గోరు మొనంత పచ్చన. ఆయన్ను కేకేసి పిలిచినా. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, మాట్లాడకుండా నీళ్ల చెంబు తెచ్చిచ్చినాడు.

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడి చేసేముందే మిద్దెక్కి లెక్కపెట్టినా. నలభైలో పదిహేడు. ఎండా నీళ్లూ రెండూ చూసినవి పదకొండు, నీళ్లలోనే ఉన్నవి ఆరు.

ఏప్రిల్ 21

తప్పు నాదే. ఎండ మండిపోతాందని, కడప బండలు కాలుతాండాయని పూటకు రెండుసార్లు నీళ్లు పోసినా. ఐదు మొక్కలు మొదలు దగ్గర నల్లబడి వాలిపోయినాయి. నారుకుళ్లు. ఎండకు భయపడింది నేను, మొక్క కాదు. ఈ పొద్దు నుంచి వేలు పెట్టి చూసి, పైమన్ను ఆరితేనే నీళ్లు.

జూన్ 9, ఆదివారం

రాత్రి వాన పడింది. పన్నెండు మొక్కలూ నిలిచినాయి. పెద్ద చెట్టుకుండే మాదిరి మూడేసి ఆకుల రెమ్మ ఒకదానికి మొదలైంది. తమ్ముడు వచ్చి గట్టు మీద నాటేదానికి పది తీసుకుపోయినాడు. లోపల ఎర్రటి చేవ పట్టేదానికి దశాబ్దాలు కావాలి. సొంత చేనిలోదైనా కొట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల. అవన్నీ వానికి తెలుసు. తెలిసే, ఒక్కో మొక్కనూ రెండు చేతులా పట్టుకుని దించుకున్నాడు.

సంచి అడుగున కాయలింకా ఉన్నాయి. ఉంచేకొద్దీ మొలక బలం తగ్గుతుంది. ఇరవై ఏరి, రెక్కలు కత్తిరించి, ఈ రాత్రికే నీళ్లలో వేసినా. తెల్లారినాక ఎండలో పెట్టాల.