చీటి పడకముందే



ఈ వారం నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆ బిడ్డను అడిగే రాస్తున్నాను.

బీటెక్ పూర్తయిన మన సంఘపు అమ్మాయికి హైదరాబాదులో ఒక కంపెనీ నుండి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. వాళ్ళ నాన్నకు నగరం కొత్త కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. రాత్రి రైలెక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి, మెట్రోలో మాదాపూర్ చేరాం. ఆమె లోపలికి వెళ్ళింది. మేమిద్దరం టీ బండి దగ్గర కూర్చున్నాం.

ఉదయం తొమ్మిదికి వెళ్ళిన బిడ్డ సాయంత్రం ఆరింటికి బయటికొచ్చింది. మొదట కంప్యూటర్ మీద పరీక్ష. చాలామందిని అక్కడే పంపేశారట. గ్రూప్ డిస్కషన్‌లో ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్ళ మధ్య తనకు రెండుసార్లే నోరు తెరిచే సందు దొరికింది. టెక్నికల్ రౌండులో తన ప్రాజెక్టు గురించి బాగా చెప్పింది. చివర హెచ్.ఆర్. మేడమ్, ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటావని అడిగిందట. "రేపు పొద్దున్న మనూళ్ళో ఉంటానని తప్ప నాకేం తెలుసు అయ్యగారూ!" అని నవ్వింది. మెయిల్ పంపుతామన్నారు.

చివరి రౌండు దాకా వెళ్ళిందన్న సంతోషం నాలో ఆగలేదు. ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకొని, దేవుడు ఈ బిడ్డకు ఉద్యోగం ఇచ్చేశాడని ప్రకటించాను. మీరు చప్పట్లు కొట్టారు. వాళ్ళ నాన్న 500 రూపాయలు కృతజ్ఞతార్పణ వేశాడు. అది ఆయన ఒక రోజు కూలి.

మూడు వారాలకు రెండు లైన్ల మెయిల్ వచ్చింది, ఎంపిక కాలేదని. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆమె గుడికి రాలేదు. దేవుని మీద అలిగిందేమోనని, ఓదార్పు వాక్యాలు సిద్ధం చేసుకొని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె అంది, "ఉద్యోగం రానందుకు కాదు అయ్యగారూ. ఎప్పుడు చేరతావమ్మా అని బోరింగు దగ్గర కూడా అడుగుతున్నారు. మీరు అబద్ధం చెప్పారని నేనెలా చెప్పను?"

తెచ్చుకున్న వాక్యాలేవీ తెరవలేదు. ఇంటికొచ్చి అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చదివాను. యూదా స్థానానికి ఇద్దరిని నిలబెట్టారు. బర్సబ్బా అనే యోసేపు, మత్తీయ. యోహాను బాప్తిస్మము నాటినుండి ప్రభువు వెంట ఉన్నవాడే కావాలన్నది పేతురు చెప్పిన అర్హత. ఇద్దరికీ అది ఉంది. ఇంచుమించు 120 మంది చూస్తుండగా చీటి మత్తీయకు వచ్చింది. ఆ తర్వాత ఈ యోసేపు మాట బైబిల్లో ఇక లేదు. (15వ అధ్యాయంలోని బర్సబ్బా వేరే ఆయన.) ఇన్నేళ్ళూ మత్తీయ గురించే ప్రసంగించాను. అయితే ఆ రాత్రి నన్ను ఆపింది మరొకటి. వాళ్ళు ప్రార్థించారు, ఎవరిని ఏర్పరచుకున్నావో చూపించమని ప్రభువునే అడిగారు. చీటి పడకముందు పేతురు ఎవరి పేరూ ప్రకటించలేదు.

మర్నాడు వెళ్ళి ఆ బిడ్డకు క్షమాపణ చెప్పాను. 500 తిరిగి ఇవ్వబోతే వాళ్ళ నాన్న తీసుకోలేదు.

వచ్చే గురువారం ఆమెకు మరో ఇంటర్వ్యూ ఉంది. ఏ కంపెనీ, ఎంత జీతం అని అడగకండి. ఇంట్లోనే ప్రార్థించండి. దారిలో కనబడితే, అన్నం తిన్నావా తల్లీ అని పలకరించండి, చాలు.