లోడ్ బ్యాలెన్సరూ, నా అతితెలివీ

క్లౌడ్‌లో ఏ లోడ్ బ్యాలెన్సర్ పెట్టాలి అన్నది నిజానికి పది నిమిషాల పని. అమెజాన్‌లో అయితే, వెబ్ అప్లికేషనూ, యూఆర్ఎల్‌ని బట్టి ట్రాఫిక్ పంచడమూ అంటే ఏఎల్‌బీ (2016లో వచ్చింది). క్లయింటు తన ఫైర్‌వాల్‌లో రాసుకోడానికి మారని ఐపీ కావాలన్నా, ఉత్త టీసీపీ కనెక్షన్లయినా ఎన్ఎల్‌బీ (2017). దీనికే మేం మూడు మీటింగులు పెట్టుకున్నాం లెండి, అది వేరే కథ.

అసలు ఆలోచించాల్సింది హెల్త్ చెక్ గురించి. దానికి నేనిచ్చిన టైము రెండు నిమిషాలు!

"బతికే ఉన్నావా?" అని ప్రతి సర్వర్నీ అడుగుతూ ఉండడమే హెల్త్ చెక్. మనం ఏమీ మార్చకపోతే ఏఎల్‌బీ 30 సెకన్లకోసారి అడుగుతుంది, జవాబు కోసం 5 సెకన్లు చూస్తుంది, వరసగా రెండుసార్లు రాకపోతే ఆ సర్వర్‌కి ట్రాఫిక్ ఆపేస్తుంది. నేను అతితెలివికి పోయి ఆ జవాబిచ్చే పేజీలో ఓ డేటాబేస్ క్వెరీ పెట్టా. పైగా ఆటో స్కేలింగ్‌ని కూడా ఈ ఫలితాన్నే నమ్మమన్నా.

ఓ శనివారం రాత్రి డేటాబేస్ కాస్త నెమ్మదించింది. అంతే, నాలుగు సర్వర్లూ ఒకేసారి ఫెయిల్. అన్నీ ఫెయిలైతే ఏఎల్‌బీ ఎలాగూ అన్నిటికీ పంపేస్తుంది కాబట్టి, అదొక్కటే ఉంటే ఎలాగో గట్టెక్కేవాళ్ళం. కానీ ఆటో స్కేలింగ్ ఉందిగా... బతికున్న సర్వర్లని చంపేసి కొత్తవి పుట్టించడం మొదలెట్టింది. అవి ఖాళీ క్యాష్‌తో వచ్చి మళ్ళీ అదే డేటాబేస్ మీద పడ్డాయి. ఐదు నిమిషాల్లో తగ్గాల్సిన జ్వరం గంటన్నర లాగింది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఆర్నెల్ల క్రితం చేరిన కుర్రాడు. కాల్‌లో పెద్దవాళ్ళందరి ముందూ "సారీ సర్, నేనే ఏదో మిస్సయినట్టున్నా" అంటున్నాడు. ఆ సెట్టింగు నాదని నాకు తెలుసు. అయినా చాలాసేపు మ్యూట్‌లోనే కూర్చున్నా. 5 సెకన్లలో జవాబివ్వని సర్వర్ని పక్కన పెట్టమని రాసిన పెద్దమనిషిని నేనే!

చివరికి ఒప్పుకున్నా. నా మీద ఎవరూ అరవలేదు. తర్వాత ఆ కుర్రాడే ఫోన్ చేసి "థాంక్స్ అన్నా" అన్నాడు. దానికి మాత్రం సిగ్గేసింది.

ఇప్పుడు మా హెల్త్ చెక్ సర్వర్ సంగతి మాత్రమే అడుగుతుంది, డేటాబేస్‌కి వేరే అలారం ఉంది. నేను నేర్చుకున్నది ఒకటే: సర్వర్ని మారిస్తే తగ్గే జబ్బు గురించే హెల్త్ చెక్‌లో అడగాలి.

మీ పేజీలో ఏముందో రేపొకసారి చూసుకోండి.